మేడ మీద వేడెక్కింది

కొండ మీది కేంద్రం, బుడగల గది
చీకటి కాలం మొదట్లో

వదినా,

ఈ ఉత్తరం నీకంటే ముందు మా పెద్దసారు చదువుతారు. నమస్కారం సార్.

ఎందుకంటావా, పోయినేడు ఇక్కడ పనిచేసిన ఒకాయన వాళ్ళ బావమరిదికి "ఘోరమైన చలి రాబోతోంది, జాగ్రత్త" అని రాశాడట. బావమరిది ఊరంతా టముకు వేశాడు. జనం దుకాణాల మీద పడ్డారు, తోపులాటలో ఒక ముసలాయన కాలు విరిగింది. చలేమో దారి మార్చుకుని ఇంకో దేశం మీద పడింది. అప్పట్నించీ కేంద్రంలో ఎవరూ ఇంటికి వాతావరణం గురించి జోస్యాలు రాయకూడదని రూలు. మా ఉత్తరాలన్నీ సారు చదివి, తన చేత్తో జిగురు రాసి అంటిస్తారు. అందుకని ఇక్కడ అందరూ ఆయన్ని జిగురుసారు అంటారు. (నేను పెట్టిన పేరు కాదు సార్, నేను వచ్చేసరికే ఉంది.) సెల్‌ఫోన్లకి ఇక్కడ సిగ్నల్ లేదు. ఉన్న ఒక్క రేడియో ఆయన గదిలోనే ఉంటుంది, ప్రధాన కార్యాలయానికి అంకెలు పంపడానికి తప్ప దాన్ని ముట్టుకోనివ్వరు. కాబట్టి సామాన్ల బండి వచ్చినప్పుడల్లా ఉత్తరమే మనకి దిక్కు.

ఆకాశంలో ఏం చేస్తావే అని పెళ్ళిలో అడిగావు గుర్తుందా? నీ జడ సర్దే హడావుడిలో జవాబు చెప్పలేదు. రోజూ ఓ బుడగ వదులుతాను. దానికి ఓ చిన్న డబ్బా కట్టి ఉంటుంది, ఎంత వేడి, ఎంత గాలి అని పైనించి చెబుతూ పోతుంది, చెప్పి చెప్పి చివరికి బుడగ పగిలిపోతుంది. ఆకాశం మన ఇల్లులాంటిదే. వానలూ మబ్బులూ అన్నీ కింది అంతస్తు గొడవ. దానిమీద ఓ మేడ ఉంది. పొద్దు సరిగ్గా పొడవని ఈ చీకటి కాలంలో ఆ మేడ మీద భయంకరమైన చలి పోగవుతుంది. దాని చుట్టూ ఓ పెద్ద గాలి గిరగిరా తిరుగుతూ కాపలా కాస్తుంది. కాపలా ఉన్నంతకాలం ఆ చలి అక్కడే పడి ఉంటుంది, మన జోలికి రాదు. ఇది పుస్తకాల్లో ఉన్నదే సార్, జోస్యం కాదు.

అసలు సంగతికొస్తాను. రెండు కొండల నడిమి కనుమ మీద కరెంటు తీగలు మార్చే పని అన్నయ్యకి అంటగట్టాలని లైన్ల ఆఫీసు చూస్తోందట కదా. వద్దను. చలి పోయేదాకా ఆ కనుమ ఎక్కొద్దను. స్తంభాలు ఎక్కడంలో వాణ్ణి మించినవాడు లేడని నాకూ తెలుసు, కానీ అక్కడ తలదాచుకోడానికి ఓ రేకుల గది తప్ప ఏముంది? నా మీద ఒట్టు వేయించుకో.

అమ్మకి ఈ ఉత్తరం ఎడమ చెవి వైపు కూర్చుని చదువు. కుడి చెవి వైపు ఎంత అరిచినా లాభం లేదు.

నీ మరదలు


మేడ ఇల్లు, లాండ్రీ వెనక వీధి

మరదలు పిల్లా,

మీ జిగురుసారుకి నా నమస్కారాలు కూడా చెప్పు. ఆడవాళ్ళ ఉత్తరాలు చదివి ఆయనకి వంట చిట్కాలు బాగా వచ్చేసి ఉంటాయి.

మీ అన్నయ్య కనుమకి వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నారు. తింటున్నారు, పడుకుంటున్నారు, గురక పెడుతున్నారు. ఒట్టు కూడా వేశారు. నువ్వు నిశ్చింతగా బుడగలు ఊదుకో.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. ఎడమ చెవి వైపే కూర్చున్నాను. ఆవిడ వింటున్నంతసేపూ నా మొహమే చూస్తారెందుకో, నాకు పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. ఆకాశానికి మేడ ఉందన్న చోట మాత్రం "దీనికి ఎక్కడికి పోయినా మేడ గోలే" అని లేచి వెళ్ళిపోయారు. నాకేం అర్థం కాలేదు. మన మేడ మీది గదిలో ఇప్పుడు నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆవిడ మాత్రం ఇప్పటికీ ఆ మెట్లెక్కరు. మోకాళ్ళ నొప్పి అంటారు. బజారుకి మాత్రం నాకంటే ముందు నడుస్తారు!

నా పనికేం, ఆసుపత్రి దుప్పట్లు ఉతికీ ఉతికీ చేతులు నానిపోతున్నాయి. కానీ లాండ్రీలో ఆవిరి ఉంటుంది కాబట్టి ఊళ్ళోకెల్లా వెచ్చగా ఉండేది మేమే. ఇస్త్రీ దగ్గర ఓ అక్క ఉంది, నోరు తెరిస్తే నవ్వు తప్ప ఇంకోటి లేదు, ఆమె దయవల్ల రోజు గడిచిపోతోంది. నిన్న మాత్రం ఇంట్లో పొయ్యి గొట్టం ఊడిపోతే కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కి బిగించాను. మసి కొట్టుకుని దెయ్యంలా దిగాను. అత్తయ్య గుర్తుపట్టలేదు.

నీ వదిన


కొండ మీది కేంద్రం, బుడగల గది

వదినా,

అన్నయ్య ఇంట్లో గురక పెడుతుంటే పొయ్యి గొట్టానికి నువ్వెందుకు కుర్చీలెక్కావు? స్తంభాలెక్కేవాడు ఇంట్లో ఉండగా? నీకు అబద్ధం చెప్పడం చేతకాదు, మళ్ళీ ప్రయత్నించకు. వాడు కనుమ మీద ఉన్నాడు. అవునా కాదా? అమ్మకి కూడా చెప్పలేదా?

నాకు ఒళ్ళు బాగాలేదు. జ్వరం లాంటిదేం కాదు. తింటే లోపలికి పోవడం లేదు, పడుకుంటే నిద్ర పట్టడం లేదు. ఇక్కడ అందరం అలాగే ఉన్నాం. ఎందుకో రాయకూడదు. రూలు.

అన్నట్టు, ఇక్కడ మేడ మీద వేడెక్కింది. అన్నయ్యకి చెప్పు, నవ్వుకుంటాడు. అమ్మకి కూడా చెప్పు.

బండి డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు. వెంటనే జవాబు రాయి వదినా. వెంటనే.

నీ మరదలు


మేడ ఇల్లు, లాండ్రీ వెనక వీధి

మరదలు పిల్లా,

అమ్మో, పోలీసువి కావలసినదానివి. సరే, దొరికిపోయాను. మీ అన్నయ్య కనుమ మీదే ఉన్నారు. నీ మొదటి ఉత్తరం వచ్చే ముందే వెళ్ళారు. "పిట్టకి చెప్పకు, అది అక్కడ కూర్చుని కుమిలిపోతుంది" అని ఒట్టు వేయించుకున్నది ఆయన, నేను కాదు. అత్తయ్యకి పక్క ఊళ్ళో డ్యూటీ అని చెప్పాం. ఆవిడకి కనుమ పేరెత్తితేనే గుండె దడ.

అందుకే నీ ఉత్తరంలో ఆ గొట్టం, కనుమ సంగతులన్నీ ఆవిడకి చదవకుండా దాటేశాను. దాటేస్తే మధ్యలో ఒకటీ అరా మిగిలాయి, అవీ వదిలేసి "కులాసాగా ఉందట" అని ముగించేశాను. నన్ను తిట్టుకోకు.

కానీ నీ మంచి కబురు మాత్రం మీ అన్నయ్యకి అందించాను! కనుమకి వెళ్ళే సామాన్ల బండిలో చీటీ పంపాను. "మీ చెల్లెలు రాసింది, ఈసారి వెచ్చటి రోజులు ముందే వచ్చేస్తున్నాయట, ఇక దిగులు లేదు" అని. మేడ మీద వేడెక్కితే ఆ వేడి కిందికి రాక ఎక్కడికి పోతుంది? నేనేం అంత తెలివితక్కువదాన్ని కాదు, నువ్వు చెప్పిన మేడ పాఠం నాకు గుర్తుంది. జిగురుసారు కన్నుగప్పి భలే రాశావు!

దానికి జవాబు కూడా వచ్చింది. "మా పిట్ట మాటంటే మాటే" అని ఎంత మురిసిపోయారో. గదిలో అడ్డంగా ఉన్న రెండో పొయ్యినీ, దళసరి పరుపులనీ బండిలో కిందికి పంపేశారు. లోయ అవతల ఉన్న ఆఖరి తీగ కూడా ఈ విడతలోనే లాగేస్తారట, మళ్ళీ ఎక్కే పని లేకుండా. నీ పుణ్యమా అని ఆయన ముందే ఇంటికొచ్చేస్తారు.

ఇస్త్రీ అక్కకి కూడా చెప్పాను. వాళ్ళాయన కనుమ మీద మనవాళ్ళకి వంట చేస్తాడులే. పాపం దగ్గుతో బాధపడుతూ దిగొచ్చేస్తానని కబురు పెట్టాడట. "వేడి వస్తోందిగా, ఇంకొంచెం ఓర్చుకో, అందరితోపాటే రా" అని ఆమె కూడా చీటీ రాసింది. ఇద్దరి చీటీలూ ఒకే కవర్లో పెట్టాం.

ఇప్పుడైనా కడుపు నిండా తిను.

నీ వదిన


కొండ మీది కేంద్రం

వదినా,

ఈ ఉత్తరానికి జిగురు లేదు. డ్రైవరు జేబులో పెట్టి పంపుతున్నాను. ఉద్యోగం పోతే పోనీ.

నీ ఉత్తరం చదివాను. తప్పు నీది కాదు. నువ్వు మా ఇంటికొచ్చేసరికి నాన్న లేరు. నీకెలా తెలుస్తుంది?

నాన్న మేడ మీద ఉండేవారు. ఆయనకి కోపం వస్తే ముందు పైన నేల దడదడలాడేది, వస్తువులు పడేవి. కిందికి దిగి రావడానికి మాత్రం కాస్త టైము పట్టేది. నేను మెట్ల మధ్యలో కూర్చుని వినేదాన్ని, అదే నా పని. వినగానే కిందికి పరిగెత్తి "మేడ మీద వేడెక్కింది" అని చెప్పేదాన్ని. అంతే, అన్నయ్య ఎక్కడున్నా, ఏం చేస్తున్నా అంతా వదిలేసి పరుగు. అమ్మ మమ్మల్ని వెనక తలుపులోంచి పంపేసి ఒక్కతే ఉండిపోయేది. ఆయన దిగొచ్చాక కేకలుండేవి కావు తెలుసా? మాటే ఉండేది కాదు. వారాల తరబడి ఇల్లంతా గడ్డకట్టుకుపోయేది.

ఆ మాటకి మా ఇంట్లో ఒక్కటే అర్థం. ఉన్నపళంగా పారిపో అని. వెచ్చదనం అని కాదు వదినా!

జిగురుసారు ఆ లైను మీద వేలు పెట్టి "ఏమిటిది?" అన్నారు. "మా ఇంట్లో సరదాగా అనుకునే మాట సార్" అన్నాను. సరదా అట. నా నాలుక ఎలా తిరిగిందో.

ఇప్పుడు పైన జరుగుతున్నది సరిగ్గా అదే. కింద కొండలకీ సముద్రాలకీ తగిలిన గాలి పెద్ద పెద్ద అలలై పైకి లేస్తుంది. మామూలుగా అవి పైదాకా పోవు. ఈసారి పోయాయి. మేడ మీదికెక్కి, ఒడ్డుకొచ్చిన అలల్లా విరిగిపడ్డాయి. కాపలా తిరిగే గాలి ముందు మెల్లబడింది, తర్వాత ఆగింది, ఇప్పుడు ఎదురు తిరుగుతోంది. పైనున్న గాలి కిందికి కుంగింది. సైకిల్ పంపు కొడితే అడుగున వేడెక్కుతుంది చూడు, అలా నలిగి వేడెక్కింది. మొదటి అంకె చూసి డబ్బా పాడైందనుకుని తిట్టాను. ఇంకో బుడగ పంపాను. ఇంకా ఎక్కువ చెప్పింది. మూడోది కూడా పంపాను, అదీ అదే మాట.

ఆ వేడి మీ దాకా రాదు. అది పైనే చల్లారుతుంది. మీ దాకా వచ్చేది చలి. కాపలా పోయింది కదా, పోగుపడిన చలి రెండు ముక్కలైంది. ఒక ముక్క మనవైపు ఒరుగుతోంది. మెల్లగా దిగుతుంది, నాన్నలాగే.

సారు కాళ్ళమీద పడ్డాను, రేడియోలో ఒక్క మాట చెప్పనివ్వమని. "ప్రధాన కార్యాలయానికి అంకెలు పంపాం, వాళ్ళు చూసుకుంటారు. ఇలా వేడెక్కినప్పుడల్లా చలి దిగదు, దిగినా ఎక్కడ దిగుతుందో తెలియదు, మళ్ళీ ఇంకెవరి కాలైనా విరిగితే?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కాలు విరిగిన ముసలాయన ఆయన తండ్రేనట, నాకూ ఇప్పుడే తెలిసింది. అయినా నా నోటికొచ్చినట్టల్లా తిట్టి బయటికొచ్చాను.

వదినా, ఈ ఉత్తరం ముందు దిగుతుందో చలి ముందు దిగుతుందో నాకు తెలియదు. అందగానే లైన్ల ఆఫీసుకి పరిగెత్తు. వాళ్ళు నమ్మరు. నెత్తీ నోరూ కొట్టుకో. అందర్నీ దింపించు. అమ్మకి చెప్పు. అమ్మకి ముందు చెప్పు.

పిట్ట


మేడ ఇల్లు

పిట్టా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. డ్రైవరు మీసాలకి మంచు కట్టి ఉంది. వెనక్కి దారి మూసేశారట, ఇది ఎప్పుడు పంపుతానో తెలియదు, రాయకుండా మాత్రం ఉండలేను.

నీ ఉత్తరం రాకముందే అత్తయ్యకి తెలిసిపోయింది.

నేను లాండ్రీలో ఉన్నాను. తలుపు తోసుకుని ఆవిడ వచ్చారు. ఇంట్లో వేసుకునే చెప్పులతో, శాలువా కూడా లేకుండా! చేతిలో నీ పాత ఉత్తరం, ఆ గొట్టం ఉత్తరం. "చదువుతూ చదువుతూ నీ కళ్ళు కింది వరసకి దూకాయి, అప్పుడే చూశాను. అడగడం ఎందుకులే అని ఊరుకున్నాను. ఇవాళ మనసాగక భూతద్దం పెట్టుకుని నేనే చదువుకున్నాను. వాడెక్కడున్నాడు?" అన్నారు. పక్క ఊళ్ళో అనబోయాను. "నాకు చెవుడు గానీ గుడ్డిదాన్ని కాదమ్మాయ్" అన్నారు. చెప్పేశాను. కనుమ మీద అని చెప్పేశాను.

ఆవిడ ఏడవలేదు. "మేడ మీద వేడెక్కిందే అమ్మాయ్" అని మాత్రం అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చిన్నపిల్ల గొంతులా ఉంది. వెచ్చదనం కాదా అత్తయ్యా అని అడిగితే నావైపు అదోలా చూసి, నా చెయ్యి పట్టుకుని బయల్దేరారు.

అప్పటికి బయట ఏమీ లేదు తెలుసా? ఎండ కూడా కాస్త వచ్చింది. లైన్ల ఆఫీసులో ఆఫీసరు మమ్మల్ని కూర్చోబెట్టి, వాతావరణం వాళ్ళ కాగితం తీసి చూపించాడు. "మామూలు చలి" అని ఉంది. "ఓ ముసలమ్మ భయపడిందని మనుషుల్ని దింపితే రేపు నన్నెవరు దింపుతారో తెలుసా?" అన్నాడు. నేను అరిచాను, చేతులు జోడించాను. అత్తయ్య నన్ను ఆపారు.

"దిగమని చెప్పొద్దులే నాయనా. పని ఆపమనీ చెప్పొద్దు. మావాడికి ఒక్క ముక్క చెప్పు చాలు. మేడ మీద వేడెక్కిందట అని. మీ అమ్మ చెప్పమందని చెప్పు."

ఆఫీసరుకి నవ్వొచ్చింది. మమ్మల్ని వదిలించుకుంటే చాలనుకున్నాడేమో, రేడియో తీసి, పని సంగతులన్నీ అయ్యాక, "ఇదిగో, మీ అమ్మగారు ఏదో మేడ మీద వేడెక్కిందని చెప్పమంటున్నారయ్యా" అన్నాడు.

అటువైపు గరగరలోంచి మీ అన్నయ్య గొంతు. "మళ్ళీ చెప్పండి." ఆఫీసరు మళ్ళీ చెప్పాడు. "సార్, మేం దిగుతున్నాం" అన్నారు. ఎందుకు, ఏమైంది అని ఆఫీసరు కేకలేస్తూనే ఉన్నాడు. అటు ఎవరూ లేరు. అప్పటికే సెట్టు కింద పెట్టేసి వెళ్ళిపోయారు.

అది నిన్న. ఇవాళ పొద్దున లేచేసరికి కిటికీ కనపడలేదు, లోపలివైపంతా మంచు. లాండ్రీ వాకిట్లో తడి దుప్పటి పట్టుకుని తలుపు దాటానో లేదో, చేతుల్లోనే చెక్క అయిపోయింది. కొళాయి పట్టుకున్న ఓ పిల్ల అరచేతి తోలు ఊడొచ్చింది. కరెంటు తీగలు టంగుమని తెగుతున్నాయి, ఒక్కో చప్పుడుకీ అత్తయ్య నా మొహం చూస్తున్నారు, అది ఆవిడకి వినపడుతోందో, నా మొహంలో కనపడుతోందో. కనుమ బండి మొరాయించి మధ్య దారిలోనే ఆగిపోయిందట. మీ అన్నయ్య ఇంకా రాలేదు.

పిట్టా, నాకు భయంగా ఉంది. ఆయన రెండో పొయ్యి నా చీటీ చూసే పంపేశారు. పరుపులు నా చీటీ చూసే పంపేశారు. ఆ పరుపులు ఇప్పుడు మన వసారాలో పడి ఉన్నాయి. అటు చూడలేకపోతున్నాను.

*

మళ్ళీ రాస్తున్నాను. వచ్చారు! ప్రాణాలతో వచ్చారు పిట్టా!

తలుపు కొట్టలేదు, భుజంతో తోశారు, చేతులు పనిచెయ్యక. అత్తయ్య ఆ చేతులు తన పొట్టకి ఆనించుకుని కూర్చున్నారు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఎడమ చేతి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. అవి ఉండవని డాక్టరు అన్నాడు. బండి ఆగిపోయాక నడిచారట. ముందున్న మనిషి కనపడనంత గాలి. స్తంభం నుంచి స్తంభానికి, తామే లాగిన తీగ కిందుగా, దాని ఊళ వింటూ నడిచారట. తనతో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళనీ నడుముకి తాడు కట్టి లాక్కొచ్చారు.

ఇప్పుడు రాయబోయేది నేను రాయలేను. రాస్తాను.

వంటాయన దిగలేదు. మీ అన్నయ్య ఎంత బతిమాలినా వినలేదట. "ఎండ కాస్తుంటే పారిపోవడమేమిటయ్యా? మీ ఆవిడే రాసింది, మా ఆవిడా రాసింది, వేడి వస్తోందని. మీ ఇంటి మేడ సంగతి నాకెందుకు?" అని చీటీ తీసి చూపించాడట. నా చీటీ. దగ్గుతూ అంత దూరం దిగలేననీ, మీరొచ్చేసరికి పొయ్యి మీద చారు ఉంచుతాననీ అన్నాడట. ఆ గదిలో ఉన్నది ఒక్కటే పొయ్యి. రేడియోలో పిలిస్తే పలకడం లేదు.

ఇస్త్రీ అక్క పొద్దుటినించీ మన వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రావడం లేదు. నన్ను ఏమీ అనడం లేదు. అంటే బాగుండును.

మీ అన్నయ్య కట్లు కట్టిన చేతులతోనే బూట్లు వేసుకుంటున్నారు. "నేను తీసుకెళ్ళినవాణ్ణి నేనే తీసుకురావాలి" అంటున్నారు. ఇంకో ఇద్దరు లైన్‌మెన్‌లు కూడా సిద్ధమయ్యారు. గాలి కాస్త తగ్గింది. ఇక తగ్గుతుందనే అంటున్నారు అందరూ. అత్తయ్య తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

లైన్ల ఆఫీసరు ఇప్పుడే వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మీ కేంద్రంలో రేడియో గది తలుపులు తెరిచారట, మీ జిగురుసారే ఇక్కడికి పిలిచాడట. ఏదైనా అడగాలంటే చీటీ రాసివ్వండి, చదివి వినిపిస్తాను అంటున్నాడు. అత్తయ్య కలం నా చేతిలోంచి తీసుకున్నారు.


మేడ ఇంటి నుంచి, రేడియోలో చదవడానికి

పిట్టా,

అమ్మని. అక్షరాలు చూసి నవ్వకు. చదివేది ఆఫీసరుగారేలే.

మీ నాన్న పోయిన రోజు నిన్ను ఆ మెట్టు మీంచి చెయ్యి పట్టుకుని లేపాను. ఇక వినక్కర్లేదే తల్లీ అన్నాను. నువ్వు తిన్నగా పోయి ఆకాశం మెట్టెక్కి కూర్చున్నావు. నీ మొదటి ఉత్తరం విన్నప్పుడే నాకు కడుపు మండింది, అందుకే లేచిపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను, వినే చెప్పు.

మీ అన్నయ్య మళ్ళీ కనుమకి పోతానంటున్నాడు. వంటాయన పైన ఉండిపోయాడు. వాళ్ళావిడ నా గుమ్మం ముందు నిలబడింది. పోనివ్వకపోతే ఆమె మొహం ఎలా చూడను? పోనిస్తే వీణ్ణి మళ్ళీ చూస్తానా? ఊళ్ళోవాళ్ళు తగ్గుతుందంటున్నారు. వాళ్ళ మాట నాకొద్దు.

మేడ మీద ఎలా ఉంది? అది చెప్పు. నువ్వు ఏమంటే అది చేస్తాను.

అమ్మ


కేంద్రం నుంచి, రేడియోలో చెప్పగా లైన్ల ఆఫీసులో రాసుకున్నది

అమ్మా,

ఇప్పుడే బుడగ వదిలి వచ్చాను. సారు పక్కనే ఉన్నారు, ఏం చెప్పినా చెప్పమన్నారు.

మేడ మీద ఇంకా చల్లారలేదు. ఈ గాలి తగ్గడం నమ్మకు, వెనక ఇంకో విడత దిగుతోంది, ఇంతకంటే పెద్దది. వెళ్ళినవాళ్ళు గదిదాకా కూడా చేరరు. తలుపు తియ్యకు. అన్నయ్య ఏడ్చినా, తిట్టినా, కాళ్ళు పట్టుకున్నా తియ్యకు.

వాకిట్లో ఉన్న ఆమెని లోపలికి తీసుకురా. నా మాటగా చెప్పు, ఎవర్నీ పంపొద్దన్నది పిట్ట అని. వేడి వస్తోందని రాసింది కూడా పిట్టే అని చెప్పు.

వదిన పేరు ఎత్తకు.